గుర్రం మీది మల్లన్న, ఐదు స్టొటింకీలు

“చాయ్ తాగుతవా?” అని అడిగాను.

“ముందుగాల మల్లన్నకు పెట్టు” అన్నాడు మా ఆయన.

మా ఇద్దరి చివరి మాటలు అవే. వంటింటి అరలో మల్లన్న ముందు చిన్న గ్లాసు పెట్టి, పెద్ద గ్లాసు పట్టుకుని వచ్చేసరికి ఆయన కుర్చీలోనే పోయాడు. కిటికీ బయట జకరాండా పూలు రాలుతున్నాయి. కునుకు తీస్తున్నాడనుకుని పక్కనే కూర్చున్నాను. ఆ మధ్యాహ్నంలోంచి నేనింకా లేచి రాలేదేమో అనిపిస్తుంది.

ఆ మల్లన్న పటం కాదు, ఒక బిళ్ళ. ఈ పరాయి దేశంలో మేముండే హారిస్ పార్కు పేటలో బట్టలుతికే మెషిన్ల షాపు తుడిచేవాడు మా ఆయన. ఒకరోజు మెషిను రబ్బరు సందులో దొరికింది. పసుప్పచ్చగా మెరుస్తోంది. ఒకవైపు ఐదంకె, మరోవైపు గుర్రం మీద మనిషి, వెనక కుక్క. గుర్రం, కుక్క కలిసి కనిపిస్తే మావైపు వాళ్ళకు ఇంకెవరు గుర్తొస్తారు?

“చూసినవా, మల్లన్న సబ్బునీళ్ళ తానం జేసి మనింటికొచ్చిండు!” అని నవ్వి, పసుపు పెట్టి అరలో నిలబెట్టాడు. ఇక రోజూ దండమే.

ఆయన పోయాక మా కొడుకు ఫోనులో వెతికాడు. “అమ్మా, గిది బల్గేరియా చిల్లర. దేవుడు లేడు, ఏం లేడు. తీసెయ్” అన్నాడు.

బిళ్ళను అరలోంచి తీసి గుప్పిట్లో పట్టుకున్నాను. అంటే ఆయన ఆఖరి మాట చిల్లరకు పోయిందా?

కింది ఫ్లాటులో బల్గేరియా ముసలామె ఉంటుంది. నేను చెబుతుంటే ఇది రాస్తున్న పిల్ల, నా చెల్లెలి కూతురు, ఇక్కడి యూనివర్సిటీలో చదువుతుంది. దాన్ని వెంటబెట్టుకుని వెళ్ళి, బిళ్ళ చూపించి, “గాడ్?” అన్నాను.

“నో, నో! స్టొటింకి!” అని ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే బిళ్ళను చెంపకు ఆనించుకుంది.

ఆమె ఇంగ్లీషులో చెబుతుంటే పిల్ల నాకు తెలుగులో చెప్పింది. వాళ్ళ దేశంలో డబ్బు విలువ పడిపోయి, వెయ్యి పాత లెవ్‌లకు ఒక కొత్త లెవ్ అన్నారట. ఆ లెవ్‌లో నూరోవంతు స్టొటింకా. ఇప్పుడు యూరో వచ్చి అదీ పోయింది. కానీ గుర్రం మీది మనిషి మాత్రం కొత్త యూరో సెంటు బిళ్ళల మీదికి ఎక్కాడట. వెయ్యేళ్ళకు పైబడి ఒక కొండచరియ మీద చెక్కి ఉన్నాడట, గుర్రం కాళ్ళ కింద సింహంతో సహా. చిన్నప్పుడు మెడ పైకెత్తి చూస్తే, ఎండ జరిగినప్పుడల్లా కుక్క పరిగెత్తినట్టు ఉండేదంది ఆమె. నేను కళ్ళు మూసుకున్నాను. మా మల్లన్న కూడా గుట్ట సొరికలోనే, రాతి గుహలోనే ఉంటాడు. ఆ మూసిన కళ్ళ వెనక రెండు కొండలూ ఒకటైపోయాయి.

“ఆయన పేరేందో అడుగు బిడ్డా” అన్నాను.

“కొందరు రాజంటరట పెద్దమ్మా, కొందరు దేవుడంటరట. గట్టిగ ఎవ్వరికీ తెల్వదట.”

ఆమె చేతిలోంచి బిళ్ళను తీసుకుని కొంగున ముడేసుకున్నాను. సొంత నేల మీది వాళ్ళకే తెలియని పేరు. మా ఆయన తనకు తెలిసిన పేరు పెట్టి పిలుచుకున్నాడు. ఆ మాట చిల్లరకు పోలేదు. కొడుకు ఏమన్నా సరే, బిళ్ళ అరలోంచి కదలదు.

ఏం బిడ్డా, పెన్ను ఆపినవ్? ఆయన పొరపడ్డడని యాడ రాయలేదు గద? ఏదీ, మొదలుకెళ్ళి చదువు, నేనింట.