కిందపడిన టవల్

కార్లు కడిగే షెడ్డులో అందరూ అక్కా అని పిలిచే ఆవిడకు కాలు ఒకచోట నిలవదు. ప్రతి మైక్రోఫైబర్ టవల్‌నూ చెంపకు రాసుకుని చూస్తుంది. గరుకు తగిలినవి చక్రాలకు, ఒత్తుగా మెత్తగా ఉన్నవే కారు రంగు మీదికి. ఆ రోజు నల్లకారు మీది నీళ్లు ఎండకు మరకలు కట్టేలోగా తుడవాలన్న హడావిడిలో చేతిలోని టవల్ జారి నేలమీద పడింది. ఆవిడ ఇంకొకటి తేబోయింది.

“దులిపి తుడిచెయ్యమ్మా, అవతల పనుంది,” అన్నాడు కారాయన.

“వద్దండీ, ఒక్క ఇసుక రేణువున్నా గీత పడిపోతుంది.”

“అంతా చాదస్తం!” అంటూ ఆయనే ఆ టవల్ తీసి బానెట్‌ను ఒక్క రుద్దు రుద్దాడు. చెయ్యి తిరిగిన మేర సన్నని తెల్లగీత తేలింది. వేలితో చెరిపి చూశాడు. పోలేదు.

ఆవిడ పరుగున వెళ్లి మెత్తటి టవల్ తెచ్చి పరిచింది.

“నెమ్మదిగానే కానివ్వమ్మా,” అన్నాడాయన.

అప్పటికే ఆవిడ కారు చుట్టూ సగం తిరిగేసింది.