రంగు ఆరేదాకా

ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉండేవాళ్లం అప్పుడు... నేను ఏడో తరగతి. ఎంతకీ తెమలని వాటిని ఇంగ్లీషువాళ్లు ఏమంటారో ఒకరోజు ఇంగ్లీషు సారు బోర్డు మీద రాశారు.

'ఆవులు ఇంటికొచ్చేదాకా' అంటే ఎడతెగనంత సేపట. క్లాసులో సగం మంది ఒప్పుకోలేదు... మా ఊరి బర్రెలు పొద్దుగూకేసరికి కొట్టంలో ఉండేవి మరి!

రెండోది 'వాచింగ్ పెయింట్ డ్రై'. రంగు ఆరుతుంటే చూస్తూ కూర్చోవడం... అంతకంటే విసుగు లోకంలో లేదట. దాంతో సొంత వాక్యం రాయమన్నారు.

నేను ఆలోచించనే లేదు. మా బాపు బీరువాల ఫ్యాక్టరీలో చేసేది అదే. రంగు కొట్టడం, ఆరేదాకా దుమ్ము పడకుండా, ఎవరి చెయ్యీ తగలకుండా కాపలా ఉండటం. మా నాన్న ఉద్యోగం అంత విసుగు పని అని ఇంగ్లీషులో రాసేశాను. క్లాసంతా నవ్వింది. సారు ఎర్ర పెన్నుతో 'వెరీ గుడ్' అని రాశారు.

సాయంత్రం ఆ ఎర్ర అక్షరాలు చూసి బాపు మురిసిపోయాడు. ఏం రాశానో చెప్పమన్నాడు. అబద్ధం చెబుదామంటే నోరు రాలేదు. తల దించుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

బాపు పుస్తకం మూసి నా చేతికిచ్చాడు.

"రంగు ఆరుడు నువ్వెన్నడన్న సూసినవా బిడ్డా?" అన్నాడు. అంతే.

ఆదివారం నా పాత సైకిల్‌కు నీలం రంగు వేసి, పక్కనే పీట వేసి నన్ను కూర్చోబెట్టాడు. రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా ఇద్దరం దుప్పటి అడ్డం పట్టాం. తడి మెరుపు ముందు ఎక్కడ తగ్గుతుందో, ఏ మూల వేలితో తాకి చూడాలో చూపించాడు. మధ్యమధ్యలో కొండాపూర్‌లో తన చిన్నప్పటి కోతి పనులు చెప్పాడు... వారమంతా షిఫ్టులే. బాపు అంతసేపు నా ఒక్కదాని పక్కన కూర్చోవడం అదే మొదలు.

అమ్మ అన్నానికి పిలిచింది.

"ఇంకా ఆరలేదమ్మా" అన్నాను. ఎప్పుడో ఆరిపోయింది. బాపూ కాదనలేదు.

ఇప్పుడు సుల్తాన్‌పూర్‌లో ఉద్యోగం. మీటింగ్ జీడిపాకంలా సాగితే పక్కవాళ్లు అదే ఇంగ్లీషు మాట అంటారు. నాకేమో నీలం సైకిల్ గుర్తొచ్చి హాయిగా ఉంటుంది.

ఈ రోజు బాపు మా గేటుకు రంగు వేశాడు. పక్కన కుర్చీ వేసుకునే ఇది రాస్తున్నాను. ఇప్పటి రంగులు గంటకే ఆరిపోతున్నాయి... ఏం రంగులో ఏమో!

అయిపోకుంటే బాగుండు అనిపించిన పనులు మీకూ ఉంటే కింద రాయండి, తీరిగ్గా చదువుతాను. బాపు మళ్లీ డబ్బా మూత తీస్తున్నాడు... రెండో కోటు వేయమని నేనే అడిగాను.