బావి గోడ మీద మగ నాచు

మా పెదనాయన బావిలో మగ నాచు ఏడు చోట్ల ఉండేది. ఆడ నాచు గోడ నిండా ఉండేది. మూడేళ్లు ఆ బావి మెట్ల మీద కూర్చుని కనుక్కున్నది ఇంతేనా అని ఎవరైనా ఎగతాళి చేస్తే కాదనలేను.

అనంతపురం జిల్లా కుందుర్పి దాటి లోపలికి పోతే పెదనాయన చేను. అందులోని దిగుడుబావిలో నీళ్లు నా చిన్నప్పుడే పోయాయి. బోర్లు వచ్చాక దాని మొహం చూసినవాళ్లు లేరు. కానీ దక్షిణపు గోడకు ఎండ తగలదు, వాన పడితే రాళ్ల సందుల్లోంచి చెమ్మ దిగుతుంది. నా పిహెచ్‌డి అంతా ఆ చెమ్మ మీదే ఆధారపడి ఉండింది. ఈ జిల్లాలో ఉండి నాచు మీద పరిశోధన ఏమిటమ్మా అని గైడు మొదటి రోజే అడిగారు. నాకప్పుడు పొగరు. కరువు నేల నాచును ఎవరు పట్టించుకున్నారు సార్ అన్నాను.

సంగతి ఇది. మన ఒంట్లో క్రోమోజోములు జంటలుగా ఉంటాయి. నాచుకు ఆ వైభోగం లేదు. పచ్చగా కనిపించే మొక్కలో ఒక్క వరసే. అందులో యు అనే క్రోమోజోమ్ ఉంటే అది ఆడది, వి ఉంటే మగది. రెండూ ఒకే ఒంట్లో ఉండేది ఆడ, మగ బీజాలు కలిశాక తల్లి మొక్క నెత్తిన లేచే సన్నటి కాడలో, ఆ కాడ కొసనున్న గుళికలో మాత్రమే. గుళికలో యు, వి మళ్లీ విడిపోతాయి. రాలే సిద్ధబీజాల్లో సగం ఆడవి, సగం మగవి కావాలి. మరి బావిలో మగవి ఏడు చోట్లేనా? పుట్టడమే తక్కువ పుడుతున్నాయా, పుట్టి ఎండకు చస్తున్నాయా? అది తెలియాలంటే గుళికలు కోసి చూడాలి. రెండేళ్లు సరైన వాన లేదు, గుళికా లేదు. గోడను ముట్టుకుంటే నల్లటి పొడి రాలేది. యూనివర్సిటీ వాళ్లు గడువు ఒక్క ఏడాది పొడిగించారు. ఆ ఏడాదీ గుళికలు రాకపోతే నా పని అక్కడితో సరి.

సెప్టెంబరులో వాన పడింది. రెండు రోజుల్లో గోడ పచ్చబడింది. మగవాటి కొసన, మగ బీజాలుండే చిన్న గిన్నెల్లాంటివి విచ్చుకున్నాయి. గుర్తు కోసం నెయిల్ పాలిష్ తీసుకుని ఆడవాటి పక్కన రాయి మీద ఎర్ర చుక్క, మగవాటి పక్కన నీలం చుక్క పెడుతున్నాను. పెదనాయన వచ్చి పై మెట్టు మీద నిలబడ్డాడు.

"ఏం పాపా, పాచికి బొట్లు పెడతాండావే?"

"ఎర్రవి ఆడవి పెదనాయనా, నీలంవి మగవి."

"మగవి కాస్తాయా?"

"కాయవు."

భూతద్దం మీంచి కన్ను తియ్యకుండానే చెప్పాను. ఆయన తలూపి వెళ్లిపోయాడు.

మర్నాడే అనంతపురంలో డిగ్రీ పరీక్షల డ్యూటీ వేశారు. నేను పార్ట్‌టైం లెక్చరర్ని, కాదంటే మళ్లీ పిలవరు. పన్నెండు రోజులు హాల్లో అటూ ఇటూ తిరిగి, పదమూడో రోజు బావిలోకి దిగాను. దక్షిణపు గోడ మీద నీలం చుక్కలు ఉన్నాయి. వాటి పక్కన నాచు లేదు. రాయి శుభ్రంగా గీకి ఉంది.

పెదనాయన నా వెనకే దిగాడు. చాలా సంతోషంగా ఉన్నాడు.

"సూస్తివా? నువ్వు పరీక్షలని పోతివి, పని ఆగిపోతాదని మగవన్నీ నేనే పీకేసినా. కొడవలి మొనతో, ఆడదానికి తగలకుండా. దినామ్మూ సాయంత్రం నీళ్లు గూడా కొడతాండా."

ఆయనది బొప్పాయి తోట. ఇప్పటికీ పాత నాటు రకమే వేస్తాడు. పూత వచ్చేదాకా ఏది మగ చెట్టో తెలియదు. తెలిసిన రోజే తోటంతా తిరిగి మగవాటిని కొట్టేస్తారు. కాయని చెట్టుకు బోరు నీళ్లు పెట్టే స్తోమత ఇక్కడ ఎవరికుంది?

"అన్నీ పీకేశావా?" అన్నాను.

"నాకు తెలీదా ఏమి? పదికొకటి ఇడిసిపెట్టల్ల గదా. అద్దో, బాగా బలంగుండేది ఒకటి ఇడిసినా. గాలి ఆ పక్కనుంచే కొడతాది."

ఏడింటిలో ఆయన వదిలింది ఎదురు గోడ నీడ మూలనున్నది. బొప్పాయికి అది సరైన పనే, దాని పుప్పొడిని గాలి మోస్తుంది. నాచు మగ బీజం గాలికి ఎగరదు. దానికి రెండు తోకలుంటాయి, తడి ఉన్నంత మేర ఈదుకుంటూ పోతుంది. జానెడు దాటితే దాని వల్ల కాదు. ఆ గోడకూ ఈ గోడకూ మధ్య పన్నెండు అడుగులు.

నాకు కోపం ఎక్కువ. ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం ఏమీ రాలేదు, కోపమూ లేదు, ఏడుపూ లేదు. "మంచి పని చేశావు పెదనాయనా" అన్నాను. మిగిలిన ఆ ఒక్కదాని మీద నీళ్లు పోసి, డ్రాపరుతో ఎత్తి ఆడవాటి మీద వేశాను. దాని గిన్నెలు అప్పటికే ఖాళీ అయి గోధుమ రంగుకు తిరిగాయి. ఊరికే వేశాను.

గైడుకు ఫోన్ చేసి మగవి ఎండిపోయాయి సార్ అని అబద్ధం చెప్పాను. తర్వాత నాలుగు నెలలు తిన్నాను, పడుకున్నాను, బస్సెక్కాను. ఫస్టియర్ పిల్లలకు నాచు జీవిత చక్రం చెప్పాను. బోర్డు మీద రెండు తోకల బీజం గీసి, అది నీళ్లలో ఎలా ఈదుతుందో బాణం గుర్తు పెట్టి చూపించాను. ఆదివారాలు బావికి పోయేదాన్ని. పెదనాయన వీపున స్ప్రేయరు తగిలించుకుని గోడకు నీళ్లు కొడుతూ ఉండేవాడు. నేను చూస్తూ కూర్చునేదాన్ని.

జనవరి చివర ఒక ఆదివారం ఆయన స్ప్రేయరు ఆపి అడిగాడు.

"ఇంగా ఒక్క కాడా లేయలేదు పాపా. యాడ తప్పు పోయినాం?"

పోయినాం అన్నాడు. ఇక దాచడం నా వల్ల కాలేదు.

"ఇది గాలికి పోయేది కాదు పెదనాయనా. తడి మీద ఈదుకుంటా పోవల్ల. పక్కపక్కన ఉంటేనే."

ఆయన ఎదురు గోడ వైపు చూశాడు. తర్వాత ఈ గోడ వైపు చూశాడు. స్ప్రేయరు దించి మెట్టు మీద పెట్టాడు.

"అయితే నేను పీకిన పొద్దే తెలుసు నీకు."

"తెలుసు."

"నాలుగు నెలలు నాతో ఉత్త గోడకు నీళ్లు కొట్టిస్తివి."

"బాధపడతావని చెప్పలేదు పెదనాయనా."

"బాధదేముందిలే. మూడేండ్ల నుంచి ఈడికొస్తాండావు. కాలేజీ పిల్లోళ్లకు చెప్తావు. నేను అడిగితే కాయవు అని ఒక మాట పారేస్తివి. ఈదుతాదని చెప్పింటే నాకు అర్థం గాకపోవునా?"

అర్థమయ్యేది. నా క్లాసులో సగం మంది పరీక్షలో రాయలేనిదాన్ని ఆయన రెండు గోడలూ ఒకసారి చూసి పట్టేశాడు. నాలుగు నెలల తర్వాత అప్పుడొచ్చింది నాకు ఏడుపు. గోడ వైపు తిరిగి, పని ఉన్నట్టు భూతద్దం కంటికి పెట్టుకున్నాను. ఆయన స్ప్రేయరును మెట్టు మీదే వదిలేసి పైకెక్కి వెళ్లిపోయాడు.