ఏ కత్తీ నచ్చని మనిషి

నాకు అనుమానం ఎక్కువని మావాళ్ళందరూ అంటారు. అననీ. పాలతను గిన్నెలో పాలు పోస్తే నురగ అణిగేదాకా గుమ్మంలోనుంచి కదలను. కూరగాయలు తూస్తుంటే నా కళ్ళు కూరగాయల మీద కాదు, తక్కెడ ముల్లు మీద ఉంటాయి. కిరాణం వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, కిరాణం వ్యాపారం చేసే ఇంటికే కోడలిగా వచ్చినదాన్ని. తూకంలో ఎన్ని వేషాలు వెయ్యొచ్చో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అలాంటి నేను, పోయిన ఎండాకాలానికి ముందర, ఒక పెద్ద కత్తి ఎంచడానికి జనగామ నుంచి మహబూబాబాద్ దాకా తిరిగాను. అంతకుముందు మా ఇంట్లో కత్తి అంటే ఆకుకూర తరిగే చాకు, ఇంకా మామిడికాయలు కొట్టే కత్తిపీట. అంతకు మించి పదునున్నది గుమ్మం దాటి లోపలికి రాలేదు.

ఎందుకు తిరగాల్సి వచ్చిందో చెప్తాను. జనగామలో మా దుకాణం మూతపడింది. ఏసీలు పెట్టిన పెద్ద దుకాణాలు వచ్చాక మా దగ్గరికి అగ్గిపెట్టెకు తప్ప ఎవరూ రావడం మానేశారు. మా ఆయన చెల్పూర్ పోయి, కరెంటు ప్లాంటుకు దగ్గరలో మా దూరపు చుట్టాల టోకు దుకాణంలో గోదాము చూసుకునే పనికి కుదిరారు. నెలకోసారి వచ్చి పోయేవారు. ఒకరోజు చెప్పాపెట్టకుండా బట్టల సంచితో దిగారు. "ఇగ పోను" అన్నారు. ఎందుకని అడిగితే "మనసైతలేదు" అన్నారు. మనసు కాకపోవడం అనే జబ్బు మా వ్యాపారం చేసే ఇళ్ళలో ఎవరికీ రాదు. అక్కడేదో జరిగిందని ఆ క్షణమే అనుకున్నాను.

కొబ్బరి బొండాల బండి ఆలోచన నాది. మా తమ్ముడు మహబూబాబాద్‌లో బొండాల లోడు దింపించుకుని చుట్టుపక్కల ఊళ్ళకు పంపుతాడు. వాడే ఒక తోపుడు బండి కుదిర్చాడు. జనగామ బస్టాండు దగ్గర నీడ పడే జాగా ఒకటి చూసి, పక్కనున్న టీ కొట్టాయనతో మాట్లాడాడు. "శివరాత్రి దాంక ఆపుతడక్కా. అది దాటితే చెరుకు రసం మిషినోడు వచ్చి నిలబడుతడు" అని గట్టిగా చెప్పాడు. ఆ జాగా పోతే ఎండాకాలం పోయినట్టే, ఎండాకాలం పోతే మా ఇల్లు గడవడం పోయినట్టే. బండి వచ్చింది, టార్పాలిన్ వచ్చింది, స్ట్రాల కట్టలు కూడా వచ్చాయి. బొండాలు కొట్టే కత్తి ఒక్కటే రావాలి. మా ఆయన దేనికీ వద్దనలేదు, సరే అని కూడా అనలేదు.

మొదటి కత్తి జనగామలోనే చూశాను. పాత ఇనుప సామాన్ల దుకాణం. గల్లా మీద ముసలాయన కూచున్నాడు. లోపల ఇనుప రాడ్లు కోసే మిషను చెవులు చిల్లులు పడేలా ఆడుతోంది. నేను ఒక్కొక్క కత్తీ తీసి గోటితో కొట్టి చప్పుడు వింటున్నాను. కత్తికి రంగెందుకు వేశారో, ఆ రంగు కింద ఏ తుప్పు దాచారో అని గీకి చూస్తున్నాను. ముసలాయన కాసేపు చూసి అడిగాడు.

"ఎందుకమ్మా గింత పెద్ద కత్తి?"

"మా ఆయన కోసం."

ఆయన మొహంలో రంగు మారింది. గల్లా దిగి వచ్చి నా చేతిలో కత్తి మెల్లగా పక్కకు జరిపాడు. "ఎందుకు కోస్తరమ్మా ఆయన్ని? ఇంట్ల పెద్దమనుషులు లేరా?" అన్నాడు.

మిషను మోతలో ఆయన చెవికి నా 'కోసం' కాస్తా 'కోస్తం' అయి చేరింది. మధ్యలో ఒక్క త వత్తు కలిసింది, నేను హంతకురాలినయ్యాను. బొండాలు కొట్టడానికని అరిచి చెప్పాను. అప్పుడు ఇంకో అనుమానం వచ్చింది ఆయనకు. "కిరాణం సేట్లు బొండాలు కొట్టుడేందమ్మా?" అన్నాడు. ఎలాగో అమ్మాడు. కానీ తెల్లారేసరికి మా గల్లీ అంతా ఆ కథ తిరిగింది. ఎదురింటామె నేను పొయ్యి దగ్గరుంటే కిటికీలోంచి మా ఆయన్ని పనిగట్టుకుని పలకరించి, క్షేమంగా ఉన్నారో లేదో చూసుకుని పోయింది.

ఇంటికి తెచ్చి ఆయనకు చూపించాను. చెయ్యి చాచలేదు. "కింద పెట్టు. కత్తి చేతికియ్యద్దు, కొట్లాటైతది" అన్నారు. అది మా ఇళ్ళలో ఉన్న మాటే. ఉప్పు, కత్తి ఒకరి చేతిలోంచి ఇంకొకరు తీసుకోరు. కింద పెడితే తీసుకుంటారు. అరుగు మీద పెట్టి లోపలికి పోయాను. వచ్చి చూస్తే కత్తి పెట్టినచోటే ఉంది.

"బరువెక్కువున్నది" అన్నారు.

రెండోది రఘునాథపల్లిలో చేయించాను. అక్కడి కమ్మరి పనితనం బాగుంటుందని టీ కొట్టాయన చెప్పాడు. లారీ కింద బరువు మోసే కమాన్ పట్టీతో చేస్తానన్నాడు కమ్మరి. కమాన్ పట్టీ ఉక్కు అయితే పదును నిలుస్తుంది, మామూలు ఇనుప పట్టీ అయితే నాలుగు రోజులకు మొండిబారుతుంది. ఏ లారీది, ఎక్కడ కొన్నారు, అది నిజంగా లారీదేనా అని అడుగుతూనే ఉన్నాను. ఆయన సుత్తె ఆపి, "నంబరు ప్లేటు గూడ కావాల్నా అక్కా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. కత్తి అయ్యేదాకా అక్కడే ముక్కాలిపీట మీద కూచున్నాను, నేను అటు తిరగగానే పట్టీ మారుస్తాడేమోనని. మొదటిదానికన్నా తేలికగా వచ్చింది. చేతిలో చక్కగా ఇమిడింది.

ఆయన దాన్నీ కిందే పెట్టమన్నారు. సాయంత్రం "పిడి జారుతున్నది" అన్నారు. పాత సైకిలు ట్యూబు కోసి పిడికి బిగించి చుట్టాను. "గిప్పుడు గూడ జారుతున్నది" అన్నారు.

ఇక నాకు నిద్ర పట్టలేదు. గల్లా మీద కూచుని లెక్క చూసుకున్న మనిషికి బస్టాండు దగ్గర నిలబడి బొండాలు కొట్టడం నామోషీగా ఉందని తేల్చుకున్నాను. అది మొహాన చెప్పలేక నేను తెచ్చిన ప్రతి కత్తికీ వంక పెడుతున్నారు. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను. చెల్పూర్ నుంచి వచ్చిన దగ్గరనుంచి ఆయన అన్నం చెంచాతో తింటున్నారు. "గోదాముల చేతులకు మసి, గట్లనే అలవాటైంది" అన్నారు. ఇక్కడ మసెక్కడిది? నాకేదైనా ఇవ్వాలంటే బల్ల మీద పెట్టి పోతున్నారు, నా చెయ్యి తగలకూడదన్నట్టు. కుడిచెయ్యి ఎప్పుడూ ప్యాంటు జేబులోనే. అక్కడ ఇంకో మనిషి ఉందేమో, ఆమె చెంచాతో తినేదేమో అనిపించింది. చెప్పడానికి సిగ్గేమీ లేదు, అనిపించింది. చెల్పూర్ చుట్టాలకు ఫోను చేసి, మా ఆయన అక్కడ ఏం చేశారని అడిగాను. అవతలామె "ఆయన్నే అడుగు వదినా" అని ఫోను పెట్టేసింది. అగ్గిమీద గుగ్గిలం అయ్యాను.

మూడో కత్తికి మహబూబాబాద్ పోయాను. తమ్ముడు స్టేషన్ దగ్గర బొండాలు అమ్మే ఒక తండా అక్క దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె పిల్లతో తన భాషలో మాట్లాడుతూ, నాతో తెలుగులో మాట్లాడుతూ, కాయ కొడుతూ ఉంది. ఆమె కత్తికి ముందు భాగం బరువు, పిడి వైపు తేలిక. ఎత్తడమే మనది, దిగడం కత్తే చూసుకుంటుందన్నట్టు ఉంది. "అమ్ముతవా అక్కా?" అంటే, "నేనెట్ల బతకాలె?" అంది. అలాంటిదే చేసే చోటు తమ్ముడు కనుక్కుని తెచ్చిచ్చాడు. అలాంటిదేనా కాదా అని రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే తీసుకున్నాను. పేపర్లో చుట్టి, బియ్యం సంచిలో పెట్టుకుని రైలెక్కాను. సంచిలోంచి మొన ఒకటి పేపరు చింపుకుని బయటికి వచ్చింది. పక్కన కూచున్నామె దాన్ని చూసి, నన్ను చూసి, పిల్లాణ్ణి ఒళ్ళోకి లాక్కుని కిటికీ వైపు జరిగింది. నేనూ ఆమె సంచి వైపు ఒక కన్నేసి ఉంచాను.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం. శివరాత్రి రేపు. ఆయన వరండాలో కుర్చీలో కూచుని పేపరు చదువుతున్నారు. పేపరు మీదనుంచి ఒకసారి కత్తివైపు చూశారు.

"వంపు బాగలేదు" అన్నారు.

"ముట్టకుండనే వంపెట్ల తెలిసిందండీ మీకు?"

"కింద పెట్టు, చూస్త."

"పెట్టను. కొట్లాటైతదా, కానీ. గిప్పుడే కానీ."

పేపరు లాగేశాను. ఆయన కుడిచెయ్యి పట్టుకుని అరచేతిలో పిడి పెట్టి, వేళ్ళు నేనే మూశాను. వదిలాను. కత్తి జారి బండ మీద పడింది. బండ అంచు పగిలింది. కాలి మీద పడలేదు, అదృష్టం. ఆయన కత్తి వైపు చూడలేదు. తెరుచుకుని ఉన్న తన వేళ్ళ వైపే చూస్తున్నారు. అప్పుడు చూశాను నేను కూడా. బొటనవేలి కింద కండ కరిగిపోయి గుంట పడి ఉంది. ఇన్ని రోజులూ పాల నురగ చూశాను, తక్కెడ ముల్లు చూశాను, ఆ గుంట చూడలేదు.

"చక్కెర బస్తాల మీదికెంచి పడ్డ" అన్నారు. "మెడకాడ నరం దెబ్బతిన్నది. భూపాలపల్లి దవాఖానల చూపిచ్చిన. వరంగల్ల గూడ చూపిచ్చిన."

"మల్ల పట్టు వస్తదా?"

"రాదన్నరు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నమ్ముతవా? బండి పెట్టుడు ఇష్టంలేక కొత్త నాటకం మొదలుపెట్టిన అంటవు."

ముమ్మాటికీ అదే అనేదాన్ని. అది ఆయన నోట వినేసరికి ఎక్కడలేని కోపం వచ్చింది. ఒక్కడే దవాఖానలు తిరిగినందుకు, చెంచాకు మసి వంక పెట్టినందుకు, చుట్టాలకు తెలిసిన సంగతి నాకు తెలియనందుకు. నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూ తిడుతూనే ఏడుపొచ్చింది. కోపం దిగాక మిగిలింది భయం. ఇప్పుడు బండి ఎవరు నడపాలి? కాయ ఎవరు కొట్టాలి? జీతమిచ్చి మనిషిని పెట్టుకునే తాహతు ఉంటే బండి ఎందుకు పెడతాం?

"నేను కొడత" అన్నాను. అనుకుని అన్న మాట కాదు. నోట్లోంచి వచ్చింది.

ఆయన వంగి, కత్తిని ఎడమచేత్తో తీశారు. మొన తనవైపు తిప్పుకుని పిడి నా వైపు చాచారు. నేను కింద పెట్టమన్నట్టు చూశాను.

"కొట్లాట అయ్యింది గద. ఇంకేం మిగిలింది? పట్టు" అన్నారు. పట్టుకున్నాను.

శివరాత్రి నాడు పొద్దున్నే బండి బస్టాండు దగ్గర నిలబెట్టాం. టీ కొట్టాయన మాట నిలబెట్టుకున్నాడు, చెరుకు రసం మిషనతను కొంచెం అవతల నిలబడి మా వైపు గుర్రుగా చూస్తున్నాడు. వీళ్ళెన్నాళ్ళు నిలుస్తారో చూద్దామన్నట్టుంది వాలకం. ముందురోజు సాయంత్రమే ఇంటి దగ్గర నాలుగు కాయలు కొట్టి చూసుకున్నాను. కొట్టిన ప్రతిసారీ కాయ మొద్దు మీదనుంచి జారి ఎటో దొర్లిపోయింది. తండా అక్కలాగా ఒక చేత్తో కాయ పట్టుకుని ఇంకో చేత్తో కొట్టే ధైర్యం నాకు లేదు. రెండు చేతులతో పిడి పట్టుకుంటేగాని కత్తి తిన్నగా దిగడం లేదు.

మొదటి బేరం స్కూటరు ఆపి దిగాడు. హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని, నా చేతిలో కత్తిని, నా గాజులను మార్చి మార్చి చూస్తున్నాడు. మొద్దు మీద కాయ పెట్టాను. కత్తి ఎత్తకముందే అది దొర్లింది. మా ఆయన ఎడమచెయ్యి వచ్చి కాయను కింద నుంచి పట్టుకుంది.

"చెయ్యి తియ్యండి" అన్నాను నెమ్మదిగా.

"తీస్తే జారుతది."

"నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు."

"నీకు దేని మీద ఉన్నది గనుక? కొట్టు."

రెండు చేతులతో కత్తి ఎత్తాను. ఆయన అప్పటికే మొహం అటు తిప్పి బేరంతో మాట్లాడుతున్నారు. "నీళ్ళెక్కువున్నది కావాల్నా అన్నా, లేత కొబ్బరున్నదా?" అని అడుగుతున్నారు. ఆయనకు మిగిలిన ఒక్క చెయ్యీ నా కత్తి కింద ఉంది. ఆయన దాని వైపు ఒక్కసారి కూడా చూడలేదు.