కొర్రీల సారు లాప్‌టాప్

కామా తగ్గినా కొర్రీ వేసి ఫైలు వెనక్కి పంపందే ఆ సూపరింటెండెంటుకి అన్నం సహించదు. ఆఫీసంతా ఆయన్ని కొర్రీల సారనే అంటుంది.

తెరను నడిపే గ్రాఫిక్స్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక ఆయన లాప్‌టాప్ స్క్రీన్ మసకబారింది. బ్రైట్‌నెస్ ఎంత పెంచినా ఉలుకూ పలుకూ లేదు. ఆ మాట చెబితే కళ్లు పోయాయంటారేమోనని, వచ్చిన ఫైలునల్లా గుడ్డిగా ఓకే చేసేశాడు.

నెల తిరిగేసరికి, పనిలో ఇంత చురుకా అని పైఅధికారి మురిసిపోయి ప్రశంసాపత్రం రాయించాడు. రూలు ప్రకారం అదీ సారు లాప్‌టాప్ మీదుగానే పోవాలి.

సరిగ్గా ఆ రోజే టెక్నీషియన్ వచ్చి పాత డ్రైవర్ వేశాడు.

"ఇప్పుడు కనపడుతోందా సార్?"

"భేషుగ్గా కనపడుతోందయ్యా!" అంటూ, తేదీ లేదని తన ప్రశంసాపత్రానికే కొర్రీ వేసి వెనక్కి పంపేశాడు సారు.