ఎవరైనా తిప్పారా?

మొన్న గోదావరికి ఎర్రనీరు వచ్చిన వారంలోనే మా వదిన ఫోన్ చేసి, "మీ అన్నయ్య ఇక లేరమ్మా" అంది. పొద్దున్నే షెడ్డు తలుపు తీస్తూ కూలబడ్డారట. రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. మా ఆయనకి చెప్పడానికి రేవు దాకా వెళ్లాను. వలలు సర్దుకుని, ఇంజను వేసుకుని బయల్దేరబోతున్నారు. ఆ చప్పుడులో నా మాట వినపడలేదు. ఆపమని చేత్తో సైగ చేశాను. ఆపాక చెప్పాను.

అన్నయ్యగారంటే మా ఆయనకి అక్క మొగుడు. మాది గోదావరి మధ్య లంక. బజారుకైనా బడికైనా పడవ ఎక్కాల్సిందే. అవతలి గట్టున రేవు పక్కనే రేకుల షెడ్డులో అన్నయ్యగారు పడవ ఇంజన్లు బాగుచేసేవారు. నేను అంగన్‌వాడీ టీచర్ని. పిల్లలకి కథలు చెప్పడమే గానీ ఇలా కూర్చుని రాయడం నాకు అలవాటు లేదు. అయినా ఆయన గురించి నాలుగు మాటలు రాయకపోతే నా మనసు ఊరుకునేలా లేదు.

వరదలో ఎవరి పడవ మునిగినా మొదటి ఫోన్ ఆయనకే. ఫోన్ ఎత్తగానే "మనుషులంతా బాగున్నారా అండీ?" అనేవారు. బాగున్నామని చెప్పాక రెండో ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఎవరైనా తిప్పారా?"

ఆ ప్రశ్న ఎందుకో చెప్పాలి. మునిగిన ఇంజను కంటపడగానే మా వాళ్లకి చెయ్యి ఊరుకోదు. హ్యాండిల్ పెట్టి ఒక్క తిప్పు తిప్పి, బతికుందో లేదో చూడాలనిపిస్తుంది. లోపల నీళ్లుండగా తిప్పితే దాని పని అయిపోయినట్టే. గాలయితే అణుగుతుంది, నీళ్లు అణగవు. ఆ బలమంతా లోపలున్న ఇనుప రాడ్ మీద పడి అది వంగిపోతుంది. అందుకే ఆయన, "నేను వచ్చేదాకా నీళ్లలోనే ఉండనివ్వండి, బయట గాలి తగిలితే తుప్పు మొదలవుతుంది" అనేవారు. మునిగినదాన్ని ఇంకా ముంచి ఉంచమంటారేంటని కొత్తవాళ్లు విస్తుపోయేవారు.

కొన్నేళ్ల కిందట మా పడవే మునిగింది. మా ఆయన దాన్ని పొట్టి తాడుతో గట్టుకి కట్టి వచ్చారు. నీరు పెరిగింది, తాడు పెరగదు కదా. పడవ ముక్కు కిందికి లాక్కుపోయి, నీళ్లు పట్టి, ఇంజనుతో సహా మునిగింది. అప్పుడే పులస ఎదురెక్కే రోజులు. ఏడాదంతా వల మీద వచ్చేది తిండికే చాలదు. మమ్మల్ని నిలబెట్టేది ఆ కొద్ది వారాల పులసే. ఆ ఇంజను పోతే మా ఆయన ఇంకొకరి పడవలో కూలికి వెళ్లాలి. ఆ మాట పైకి అనకపోయినా ఇంట్లో అందరి మొహాల మీదా అదే కనిపించేది.

అన్నయ్యగారు ఫోన్లో మామూలుగానే చెప్పారు. ముట్టుకోవద్దు, వరద కాస్త తీయగానే వస్తానన్నారు. మర్నాడు శుక్రవారం. నీరు తీసి పడవ అంచులు బయటపడ్డాయి. మా అత్తగారికి ఇక కాలు నిలవలేదు. మా ఇంటి ఆనవాయితీ ఒకటుంది. మునిగిన పడవ తేలగానే పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, వెంటనే ఇంజను మోగించాలి. ఆ చప్పుడు గంగమ్మకి వినిపించాలి. ఇదంతా తెడ్డు పడవల కాలంలో గంట కొట్టడంగా ఉండేదని, గంట పోయి ఇంజను వచ్చిందని ఆవిడే ఒకసారి నాతో అన్నారు. "అల్లుడుగారు వచ్చేసరికి దుర్ముహూర్తం వచ్చేస్తుంది. ఒక్కసారి తిప్పరా, అమ్మవారు చూసుకుంటుంది" అన్నారు కొడుకుతో. నేను వద్దన్నాను. నా మాట వినేదెవరు? మా ఆయన పడవలో నీళ్లు తోడారు, ఇంజనుకీ హ్యాండిల్‌కీ ఆవిడ నిండా పసుపు పూశారు, కాయ కొట్టారు. మా ఆయన హ్యాండిల్ పెట్టి తిప్పారు. సగం తిరిగి టక్కుమని ఆగిపోయింది.

ఆ తర్వాత కాసేపటికే అన్నయ్యగారు ఎవరిదో తెడ్డు పడవలో వచ్చారు. భుజాన ఎప్పుడూ ఉండే పాత స్కూలు బ్యాగు, అందులో పానాలు. దిగుతూనే అత్తగారికి దణ్ణం పెట్టి, "ఎవరైనా తిప్పారా?" అన్నారు.

"లేదు బావగారూ" అన్నారు మా ఆయన.

"మేమెందుకు తిప్పుతాం బాబూ" అన్నారు అత్తగారు.

అన్నయ్యగారు పసుపు ముద్దయిన ఇంజనుని చూశారు. తర్వాత మా ఆయన అరచేతుల వంక చూశారు. రెండూ పచ్చగా ఉన్నాయి. నేనైతే అక్కడే నిజం చెప్పేసేదాన్ని, నాలిక చివరిదాకా వచ్చింది. ఆయన నవ్వి, "తిప్పకుండా ఎవరుంటారులే బామ్మర్దీ. నాదైనా నేను తిప్పేవాణ్ణి" అని కూర్చుని పనిలో పడ్డారు.

ఇంజను నెత్తిన డీజిల్ చిమ్మే నాజిల్ విప్పి, "ఇప్పుడు తిప్పు, మెల్లిగా" అన్నారు. ఆ కన్నంలోంచి ఎర్రనీరు చివ్వున లేచి సరాసరి మా అత్తగారి చీర మీద పడింది. నాకు ఏడుపులోనూ నవ్వు ఆగలేదు. నీరంతా పోయాక, "చెల్లెమ్మా, మీ చూరులో ఈనెపుల్ల ఉండాలి, పట్రా" అన్నారు.

ఆ పుల్ల సంగతి మా లంకలో అందరికీ తెలుసు. ఇంజను బిగించిన రోజే ఆయన ఆ కన్నంలోంచి కొబ్బరి ఈనె దించి, లోపలి పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దాన్ని తాకేలా నిలిపి, కన్నం అంచుకి సరిగ్గా తుంచి, ఇంటివాళ్లకి ఇచ్చేవారు. "దీని కొలత ఇది, చూరులో దోపి ఉంచండి" అనేవారు. రాడ్ వంగితే పిస్టన్ అంత పైకి రాదు, పుల్ల లోపలికి దిగిపోతుంది. నేను తెచ్చి ఇచ్చాను. ఆయన దాన్ని దించి వేలితో తడిమారు. పుల్ల కొస అంచుకి సమంగా నిలిచింది.

"బతికింది" అన్నారు. మా ఆయన అక్కడే ఒండ్రులో చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆయన ఏడవగా పెళ్లయ్యాక నేను చూసింది అదొక్కసారే.

పాత ఆయిల్ వదిలితే పాలెక్కువైన టీలా వచ్చింది. లోపలంతా డీజిల్‌తో కడిగి, కొత్త ఆయిల్ పోసి, కాసేపు చేత్తో తిప్పించి, అదీ పారబోయించారు. నిక్షేపంలాంటి ఆయిల్ అని మా అత్తగారు గోలపెట్టారు. "మొదటిది దానికి స్నానానికి అత్తయ్యగారూ, రెండోది భోజనానికి" అన్నారాయన. ఇంజను తెల్లగా పొగ కక్కి, దగ్గి, చివరికి నిలకడగా అందుకుంది. అప్పుడు అత్తగారి వైపు తిరిగి, "ఇప్పుడు కొట్టండి కొబ్బరికాయ. ఇందాకటిది అమ్మవారికి వినపడి ఉండదు" అన్నారు. ఆవిడ సిగ్గుపడుతూనే కొట్టారు. ఆయన మాత్రం ఇంజను ఆపనివ్వలేదు. తడి పూర్తిగా ఆరాలని మధ్యాహ్నం దాకా దాని పక్కనే కూర్చున్నారు. అన్నం కూడా అక్కడికే తెప్పించుకుని, కళ్లు మూసుకుని చప్పుడు వింటూ తిన్నారు.

ఆయన మెతకతనం మీద నాకు ఒళ్లు మండిన రోజులూ ఉన్నాయి. ఒకసారి పక్క లంక కుర్రాడొకడు తండ్రికి తెలియకుండా తిప్పి రాడ్ వంచేశాడు. తండ్రి ఎదుటే ఇంజను విప్పిన అన్నయ్యగారు, "ఇది పాత వంపేనండీ, వరదకి ముందుదే" అని నిర్భయంగా అబద్ధమాడేశారు. అలాగైతే ఎవరికి బుద్ధి వస్తుందని నేను దెబ్బలాడాను. "ఇంజను పోయి ఏడుస్తున్నాడు చెల్లెమ్మా, పరువు కూడా తీయాలా?" అన్నారు. అప్పుడు నాకు నచ్చలేదు. ఇప్పుడు ఆ మాటే తలుచుకుని ఏడుస్తున్నాను.

అస్థికలు కలపడానికి మా పడవే వెళ్లింది. ఆడవాళ్లు రాకూడదన్నా వినకుండా వదిన ఎక్కింది, ఆమె చెయ్యి పట్టుకుని నేనూ ఎక్కాను. నడి గోదావరిలో మా ఆయన ఇంజను ఆపారు. అన్నయ్యగారి తమ్ముడు కుండ వంచాడు. పడవ ప్రవాహంలో దానంతటదే జారుతూ, ఆయన షెడ్డు ముందు నుంచి, మూసిన రేకు తలుపు ముందు నుంచి దిగువకి పోతోంది. మా ఆయన హ్యాండిల్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. "తిప్పరా తమ్ముడూ" అంది. "మీ బావ ఏమీ అనరులే."

మా ఆయన తిప్పారు. ఒక్క తిప్పుకే అందుకుంది. వదిన లేచి వెళ్లి ఇంజను పక్కన కూర్చుని, రేవు వచ్చేదాకా కళ్లు మూసుకుని ఆ చప్పుడు వింటూ ఉంది.