ఇరవై నిమిషాల పగ

నా చిన్నప్పుడు ఒక మనిషి కడుపులో చీము పట్టాలని దేవుడికి మొక్కుకున్నాను. పదేళ్ల ఆడపిల్ల మొక్కాల్సిన మొక్కు కాదది. కానీ మనసారా మొక్కాను, అందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

మా బాపు వరంగల్లులో జంపఖానాలు నేసేవాడు. గుంట మగ్గం మీద రోజంతా కాళ్లతో తొక్కే పని. డెబ్బైల్లో ఒక దసరా నాడు ఆయన గజ్జల్లోని హెర్నియా బిగుసుకుపోయి, నొప్పికి మెలికలు తిరిగిపోయాడు. హన్మకొండలోని ఒక చిన్న ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయారు. బాపు చెల్లెలు, మా చిన్నత్త, అక్కడే ఆపరేషన్ థియేటరులో నర్సు. ఆమె మాత్రం పండక్కి సెలవు పెట్టి స్టేషన్ ఘన్‌పూర్‌లోని అత్తగారింటికి వెళ్లింది. ఆ రోజు ఆమె పని కంపౌండరు మీద పడింది. అతను డాక్టరుగారి బామ్మర్ది.

అతను పొద్దున్నే ఆయుధ పూజ చేసి, థియేటరులోని కత్తెరలకు, పట్టకార్లకు పసుపు కుంకుమ పెట్టాడు. మేమూ ఇంట్లో మగ్గానికి పెట్టాం, అందులో తప్పేమీ లేదు. కానీ మధ్యాహ్నం బాపును టేబులెక్కించే ముందు వాటిని నీళ్లలో ఉడికించాలి కదా. ఉడికిస్తే పూజ ఫలమంతా కడుక్కుపోతుందని అతనికి అనిపించిందట. స్పిరిట్ గుడ్డతో తుడిచి ట్రేలో పెట్టేశాడు. పండగయ్యాక అత్త నిలదీస్తే, "పూజ జేసినయక్కా, ఏంగాదు" అని నవ్వాడు. అత్త ఆ మాట డాక్టరుకు చెప్పింది. అతను మాత్రం డాక్టరు ముందు, ఉడకబెట్టానని ఒట్టు పెట్టుకున్నాడు. డాక్టరు బామ్మర్దినే నమ్మాడు.

బాపు గాయానికి చీము పట్టింది. కుట్లు ఊడిపోయాయి. రెండు నెలలైనా మానలేదు. అత్త రోజూ సాయంత్రం వచ్చి కట్టు మార్చేది. బాపు గోడవైపు తిరిగి పళ్లు బిగబట్టేవాడు, మగ్గం మీద సగం నేసిన జంపఖానా అలాగే దుమ్ము పట్టిపోయింది. నేను ఆ వాసనలోనే అన్నం తిన్నాను, ఆ వాసనలోనే కంపౌండరును తిట్టుకున్నాను.

అలాంటి రోజుల్లో, అత్త రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయిన ఒక పొద్దున, కంపౌండరుకే అపెండిసైటిస్ వచ్చిందని, వెంటనే ఆపరేషన్ అని అత్తకు కబురొచ్చింది. నా ఆనందం ఇంతా అంతా కాదు. బాపు పాత కట్టులోంచి చీము గుడ్డ ఒకటి తీసి, కాగితంలో చుట్టి, లంగా కుచ్చిళ్లలో దోపుకుని, వెంట వస్తానని అత్త చేయి పట్టుకున్నాను. దాన్ని అతని కత్తెరల మధ్య పడేయాలని నా ఆలోచన.

దవాఖాన చేరేసరికి వాసన అత్తకు తెలిసిపోయింది. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. వెనక పెరట్లో ఆ గుడ్డను కాల్చించింది. నా చేతులకు మోచేతుల దాకా సబ్బు రాసి, గోళ్ల సందులు కూడా వదలకుండా తనే రుద్దింది.

"ఆనికి గూడ ఉడకబెట్టకు అత్తా" అన్నాను ఏడుస్తూ.

"గట్ల జేస్తె నేను గూడ ఆని అసొంటిదాన్నే అయిత. నా కోపం నీదానికన్న పెద్దది బిడ్డా. కిటికీ కాడ నిలవడి సూడు" అంది.

కిటికీలోంచి అంతా కనబడింది. కంపౌండరు టేబులు మీద ముడుచుకుని మూలుగుతున్నాడు. డాక్టరు బ్రష్‌తో చేతులు రుద్దుకుంటున్నాడు. అత్త కిరసనాయిలు స్టవ్ మీద గిన్నె పెట్టి, గోడ గడియారం కింద చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇంకెంతసేపక్కా?" అన్నాడు కంపౌండరు.

"నీళ్లు మసిలినంక ఇరవై నిమిషాలు."

"జర జల్ది చెయ్యి. పానం పోతాంది."

"జల్ది గావాల్నంటె చెప్పు తమ్మీ. స్పిరిట్‌తోటి తుడిచి తెస్త. కుంకుమ గూడ పెడ్త."

అతని ముఖం పాలిపోయింది. "వద్దక్కా. నీ కాళ్లు మొక్కుత. ఉడకనియ్యి."

డాక్టరు చేతులు రుద్దడం ఆపేశాడు. ఆ రోజు ఉడకబెట్టావా లేదా అని మెల్లగా అడిగాడు. కంపౌండరు మసులుతున్న గిన్నె వైపు చూశాడు.

"లేదు బావా" అన్నాడు కంపౌండరు.

"మా అన్నకు నువ్వు ఇయ్యంది గీ ఇరవై నిమిషాలే" అంది అత్త, గడియారం మీంచి చూపు తిప్పకుండానే. తర్వాత ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు.

ఎనిమిదో రోజున అతని కుట్లు విప్పితే గాయం పొడిగా, సన్నటి గీతలా ఉంది. అత్త బాపును పిలిపించి, అంగీ పైకెత్తి ధోతి కాస్త కిందికి దించమంది. కంపౌండరు తన గీతను చూసుకుని, బాపు గాయం చూసి, తల దించుకుని ఏడ్చాడు. బాపు అతని భుజం తట్టాడు. నేను తట్టలేదు.

బాపు గాయం ఉగాదికి మానింది కానీ, ఆయన మళ్లీ మగ్గం తొక్కలేకపోయాడు. కూర్చుని కండెలకు నూలు చుట్టేవాడు. సగం జంపఖానాను వేరెవరో పూర్తి చేశారు.

నేనూ థియేటరు నర్సునయ్యాను, ముప్పై ఏళ్లు పనిచేశాను. తొందరపడే కుర్ర డాక్టర్లు, ఇక చాలు సిస్టర్ అన్నప్పుడల్లా గడియారం చూపించేదాన్ని. నాది క్రమశిక్షణ అని మెచ్చుకునేవారు. అది కోపమని నాకొక్కదానికే తెలుసు. ఆ కంపౌండరును నేను ఈనాటికీ క్షమించలేదు. నా చేతి కిందికి వచ్చిన ఒక్క మనిషికి కూడా ఆ ఇరవై నిమిషాలు తగ్గించలేదు.